గెడ్డలో తిరిగే డైనమో

గణపతిరావు విజయనగరంలో వయొలిన్ పాఠాలు చెప్పేవాడు. సంగీతం తర్వాత ఆయనకు అంత ఇష్టమైనది ఒక పాత కారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో ఇంగ్లండులో తయారైన రెండు తలుపుల బండి. మద్రాసు వెళ్లిపోతున్న రైల్వే ఇంజినీరు ఒకాయన వెళ్తూ వెళ్తూ దాన్ని ఈయన చేతిలో పెట్టి వెళ్లాడు. వీధిలో వాళ్లు దాన్ని తాబేలు కారు అనేవాళ్లు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి దాన్ని తుడిచేవాడు. ఇంజను ఏ శ్రుతిలో ఉందో చెవి పెట్టి వినేవాడు.

1968 కార్తీక మాసంలో ఒక ఆదివారం గణపతిరావూ, భార్య నీలవేణీ బొబ్బిలి వెళ్లారు. ఒక శిష్యురాలి ఇంట్లోని వీణకు మెట్లు సరిచేయించుకుని సాయంత్రానికి తిరిగి వస్తున్నారు. రామభద్రపురం దాటాక స్టీరింగు ముందున్న పలక మీద చిన్న ఎర్రదీపం వెలిగింది. తాళం తిప్పగానే ఆ దీపం వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. నడుస్తున్న బండిలో అది వెలగడం గణపతిరావు ఇంతవరకు చూడలేదు.

"అదేటండీ, ఆ ఎర్రది?" అంది నీలవేణి.

"అదే నేనూ చూస్తన్నాను."

"బాగుందా, బాగులేదా?"

"వెలగకూడదు. వెలిగింది."

గజపతినగరం సమీపిస్తుండగా మేకల మంద అడ్డొచ్చింది. హారన్ నొక్కితే అది జలుబు చేసిన మనిషిలా మూలిగింది. ఊరి మొదట్లోకి వచ్చేసరికి ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. బెల్లం బుట్టల లారీ వాడొకడు జాలిపడి, కారును తాడుతో వెనక కట్టుకుని విజయనగరం దాకా లాక్కొచ్చాడు. నీలవేణి దారి పొడుగునా వీణను ఒళ్లో పెట్టుకుని, తాడు ఎక్కడ తెగుతుందోనని దాన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న నీలవేణి అన్నయ్య జగన్నాధం వచ్చాడు. మూడు లాంతర్ల కూడలి దగ్గర అతనికి బ్యాటరీల షాపు ఉంది. లారీలకూ బస్సులకూ బ్యాటరీలు నింపడం, డైనమోలు బాగుచేయడం అతని పని. బానెట్ ఎత్తి, ఇంజను పక్కన బిగించి ఉన్న పొడవాటి ఇనుప డబ్బాను వేలితో తట్టాడు.

"బావా, ఇదే డైనమో. ఇంజను తిరిగితే ఈ బెల్టు దీన్ని తిప్పుతాది. ఇది కరెంటు పుట్టించి బ్యాటరీ నింపుతాది. ఇది పడుకుంటే బండి బ్యాటరీలో ఉన్నదంతా తినేసి ఆగిపోతాది. నిన్న జరిగింది అదే."

"పడుకుందని ఎలా తెలిసింది?" అంది నీలవేణి.

జగన్నాధం వేరే బ్యాటరీ పెట్టి ఇంజను నడిపించాడు. డైనమో వెనకున్న రెండు తీగలూ విప్పి, డైనమో మీదున్న రెండు మొనల్నీ ఒక ముక్క తీగతో కలిపి, అక్కడి నుంచి కారు ఇనుముకు ఒక బల్బు తగిలించాడు. ఇంజను ఎంత ఉరిమినా బల్బు వెలగలేదు.

"బతికుంటే ఈపాటికి కళ్లు మూసుకోవాల్సినంత వెలుగు రావాలి" అన్నాడు.

డైనమోను కిందికి దించి అరుగు మీద పెట్టి తెరిచాడు. కాలిన లక్క వాసన గుప్పుమంది. మధ్యలో తిరిగే భాగానికి చుట్టిన రాగితీగ నల్లగా మాడిపోయింది. దాని చివర, కరెంటును బయటికి తెచ్చే బొగ్గుముక్కలు రాసుకునే చోట వరసగా ఉండాల్సిన రాగి పలకల్లో రెండు పైకి లేచి ఉన్నాయి.

"తీగ కొత్తది చుట్టించలేమా?" అన్నాడు గణపతిరావు.

"తీగ ఒక్కటే అయితే చుట్టీవచ్చు. ఈ పలకలు అరిగి అరిగి రేకులైపోనాయి. ఇంక ఇవి నిలబడవు. ఇలాంటిది ఇంకోటి దొరకాలి."

"నీ షాపులో లారీ డైనమోలు ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. అది దీని బానెట్ కింద పట్టాలంటే ముందు ఇంజను బయటికి తీసీయాలి."

గణపతిరావు నవ్వలేదు. మాడిన భాగాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఇంజను చప్పుడులో తను విన్న సన్నటి కూత ఇందులోంచే వచ్చేదా అని అడిగాడు. జగన్నాధం ఔనన్నాడు.

ఇలాంటి కారే ఇంకోటి శృంగవరపుకోట అవతల, కొండల కింద ఉన్న పాత దివాణంలో పడి ఉందని జగన్నాధానికి గుర్తొచ్చింది. ఎస్టేట్లు పోయాక ఆ జమీందారు కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. కొడుకు జగన్నాధానికి తెలిసినవాడే. అడిగితే, "పనికొచ్చేది ఏదున్నా పట్టుకుపోండి, కోళ్లు మాత్రమే దాన్ని వాడుకుంటన్నాయి" అన్నాడు.

తరువాతి ఆదివారం ముగ్గురూ తాబేలు కారులోనే బయల్దేరారు. డైనమో లేకపోయినా, నిండా ఛార్జి చేసిన బ్యాటరీ ఉంటే పగటి పూట కొంత దూరం పోవచ్చని జగన్నాధం చెప్పాడు. ఇంకో నిండు బ్యాటరీని వెనక సీట్లో పెట్టుకున్నాడు. దీపాలు వెయ్యకూడదు, హారన్ నొక్కకూడదు అని షరతు పెట్టాడు. అందుకని ఎడ్లబండి అడ్డొచ్చినప్పుడల్లా నీలవేణి కిటికీలోంచి తల బయట పెట్టి, "ఓ బాబూ, తప్పుకోండి! హారన్ లేదు!" అని అరిచింది. మొదట్లో సిగ్గుపడింది. ఎల్.కోట వచ్చేసరికి ఎవరూ అడ్డు రాకపోయినా అరవాలనిపించేంత సరదా పుట్టింది.

దివాణం కాపలా మనిషి సోములు కొట్టం తలుపు తీశాడు. కారు నిజంగానే తమ కారుకు కవల. సీట్ల మీద గడ్డి, గడ్డిలో గుడ్లు. అద్దాలు ఉన్నాయి, దీపాలు ఉన్నాయి, రబ్బరు బంతి హారన్ కూడా ఉంది. జగన్నాధం బానెట్ ఎత్తి, ఇంజను పక్కన చెయ్యి పెట్టి తడిమాడు.

"ఏటైంది?" అన్నాడు గణపతిరావు.

"అన్నీ ఉన్నాయి బావా. డైనమో ఒక్కటే లేదు."

ముగ్గురూ వంగి చూశారు. డైనమో ఉండాల్సిన చోట ఖాళీ. కానీ దాన్ని పట్టి ఉంచే బోల్టులు తీసి పారేయలేదు. వాటి కన్నాల్లోనే తిరిగి బిగించి, తుప్పు పట్టకుండా గ్రీజు కూడా రాసి ఉంది.

"దొంగయితే ఇంత శుభ్రంగా తీస్తాడేటి?" అంది నీలవేణి.

సోములు గోడకి ఆనుకుని వింటున్నాడు. "డైనమో కోసమా బాబూ? ముందే అడిగితే సెప్పీవోడిని కదా! దాన్ని అసిరయ్య ఇప్పినాడు. ఈ దివాణం పెద్దబాబు కాడ డ్రైవరుగుండీవోడు. ఆ బాబు పోకముందు ఆరే దాన్ని అసిరయ్యకిచ్చీసినారు. ఇప్పుడది గెడ్డ కాడ తిరుగుతన్నాది."

"తిరుగుతోందా?" అన్నారు బావా బావమరుదులు ఒక్కసారే.

"మరేటి? ఎల్లి సూడండి."

పొలం గట్ల మీదుగా కొండ వైపు నడిచారు. కార్తీకం కావడంతో గెడ్డ, ఆ కొండవాగు, నిండుగా పారుతోంది. చింతల తోపు మలుపు తిరగక ముందే గణపతిరావు ఆగి చెయ్యెత్తాడు.

"బావా, విను. నీళ్ల చప్పుడు కింద."

జగన్నాధానికి ముందు ఏమీ వినపడలేదు. తర్వాత సన్నగా, తెగకుండా సాగే కూత వినిపించింది.

"అదే శ్రుతి" అన్నాడు గణపతిరావు. "మన బండి నెమ్మదిగా పోతున్నప్పుడు వినిపించేది అదే." ఇక నడవలేదు, దాదాపు పరిగెత్తాడు.

గెడ్డ పక్కన తవ్విన చిన్న కాలవలో ఒక చక్రం తిరుగుతోంది. అది ఎడ్లబండి చక్రం. దాని చుట్టూ కిరసనాయిలు డబ్బాలు సగానికి కోసి కట్టారు. నీళ్లు డబ్బాల్లో పడుతుంటే చక్రం తిరుగుతోంది. దాని మీంచి ఒక బెల్టు ఇంకో చక్రానికి, అక్కడి నుంచి మరో బెల్టు తాటాకు పాక కింద ఉన్న డైనమోకు. పాకలో వరసగా బ్యాటరీలు, వాటి పైన వెలుగుతున్న చిన్న బల్బు. చీర కొంగు నడుముకు చుట్టుకున్న ఆవిడ ఒకతె బ్యాటరీలో నీళ్లు పోస్తూ తలెత్తింది.

"ఎవురు కావాల?"

ఆవిడ పేరు తవిటమ్మ. అసిరయ్య భార్య. అసిరయ్య కొత్తవలస నుంచి కొండల్లోకి వేసిన రైలు లైను పనుల్లో లారీ తోలుతున్నాడు. ఎప్పుడో గాని ఇంటికి రాడు. చక్రం కట్టింది ఆయన, రెండేళ్లుగా నడుపుతున్నది ఈవిడ. చుట్టుపక్కల ఊళ్లకు ఇంకా కరెంటు రాలేదు. పెళ్లిళ్ల మైకు సెట్లకూ, పంచాయతీ రేడియోకూ బ్యాటరీలు ఇక్కడే నిండుతాయి.

వచ్చిన పని గణపతిరావు చెప్పాడు. తవిటమ్మ పూర్తిగా విని తల అడ్డంగా ఊపింది.

"ఇది మీకిచ్చీసి నానేటి తిప్పాల బాబూ? రేపు రెండు పెళ్లిళ్లున్నాయి."

గణపతిరావు పాకలో వరసగా ఉన్న బ్యాటరీల వైపు చూశాడు. జగన్నాధం మాత్రం చక్రం చుట్టూ తిరుగుతూ, బెల్టులు చూస్తూ, వచ్చిన పని మరిచిపోయినట్టున్నాడు.

"నీళ్లు ఆపినప్పుడు బ్యాటరీ తీగ విప్పేస్తావా?" అని అడిగాడు.

తవిటమ్మ అతని వైపు కొత్తగా చూసింది. "ఇప్పేస్తాను. ఒకపాలి ఇప్పడం మర్సిపోనాను. నీళ్లు కట్టీసినా సక్రం తిరుగుతూనే ఉన్నాది! ఎవుల్నీ పిలవనేదు, దూరంగా నిలబడి సూసినాను. తీగ లాగీగానే ఆగిపోనాది. ఎందుకలగ అయినాదో మా ఆయన కూడా సెప్పనేదు."

"అది దెయ్యం కాదు. తిప్పితే కరెంటు ఇస్తాది, కరెంటు ఇస్తే తిరుగుతాది. రెండూ ఒకటే వస్తువు."

"రెండూ ఒకటేనా?" తవిటమ్మ డైనమో వైపు చూసింది. "మరి లోపల ఏటుంటాది బాబూ? ఇప్పి సూద్దామని ఎన్నిపాల్లో అనుకున్నాను. మళ్లీ మూతపడదేమోనని భయం."

"నేను తెరిచి చూపిస్తాను" అన్నాడు జగన్నాధం. అంటున్నప్పుడే అతనికి ఉపాయం తట్టింది. "అమ్మా, లారీ డైనమో ఒకటి నా దగ్గరుంది. దీనికంటే పెద్దది, నిదానంగా తిప్పినా ఎక్కువిస్తాది. మా బావ కారులో అది పట్టదు. ఇక్కడ నీకు కావాల్సినంత జాగా ఉంది. అది ఇక్కడ బాగా తిరిగితేనే ఇది మాకియ్యి. తిరక్కపోతే రెండూ నీవే."

తవిటమ్మ బ్యాటరీ మూత బిగించింది. "ముందు అది తెండి. ఎలిగితే సూద్దాం."

వారం తిరిగేసరికి మళ్లీ వచ్చారు. ఈసారి వెనక సీట్లో నీలవేణి పక్కన లారీ డైనమో గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. మాడిపోయిన పాత డైనమోను కూడా జగన్నాధం డిక్కీలో పడేశాడు. దాని బోల్టులూ కప్పీ తవిటమ్మ ఇవ్వబోయే చిన్నదానికి పనికొస్తాయని.

కాలవకు అడ్డుకట్ట వేశారు. జగన్నాధం చిన్న డైనమోను విప్పి చాప మీద తెరిచాడు. తవిటమ్మ చాప అంచున గొంతుక్కూర్చుంది. మధ్యలో తిరిగే భాగం, చుట్టూ కదలకుండా ఉండే అయస్కాంతం చుట్లు, చివర మెరుస్తున్న రాగి పలకలు, వాటిని రాసుకునే బొగ్గుముక్కలు. జగన్నాధం ఒక్కొక్కటీ చేతికిచ్చాడు. ఆవిడ దేన్నీ తొందరగా తిరిగివ్వలేదు. వేలితో రాగి పలకలు తడిమింది, బొగ్గును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"రెండేళ్లు దీనికి నూనె పోసినాను. మొకం ఇయ్యాల సూసినాను" అంది.

జగన్నాధం పలకలు శుభ్రం చేసి, బొగ్గులు కొత్తవి వేసి, మూత బిగించాడు. తర్వాత పాకలో లారీ డైనమోను మేకులు కొట్టి నిలబెట్టి, బెల్టు తగిలించి, కట్ట తెంపాడు. చక్రం తిరిగింది. డైనమో తిరిగింది. బల్బు మాత్రం వెలగలేదు.

తీగలు విప్పి మళ్లీ కట్టాడు. వెలగలేదు. బల్బు మార్చాడు. వెలగలేదు. షాపులో తిప్పి చూసినప్పుడు శుభ్రంగా పనిచేసింది కదా అని జుట్టు పీక్కున్నాడు. తవిటమ్మ వెలగని బల్బునే చూస్తోంది. గణపతిరావు గెడ్డలోకి చూస్తున్నాడు. ఆయన మనసులో కారు ఇక కొట్టంలోకి, కోళ్ల దగ్గరికి చేరిపోయింది.

"అన్నయ్యా," అంది నీలవేణి, "షాపులో దీన్ని నువ్వు ఎటు తిప్పినావు?"

"ఎటు తిప్పడమేటి?"

"అదే, కుడికా, ఎడమకా? దీనికి అలాంటిదేటైనా ఉంటాదా, ఉండదా?"

జగన్నాధం చేతిలోని తీగ వదిలేశాడు. తర్వాత డైనమో ముందు మోకాళ్ల మీద కూర్చుని దాని మీద మట్టి తుడిచాడు. కప్పి పక్కన చిన్న బాణం గుర్తు అచ్చుపోసి ఉంది. బాణం ఒకవైపు, డైనమో తిరుగుతున్నది ఇంకోవైపు.

"ఉంటాది!" అన్నాడు. "ఉంటాది, నీలా! వాటంగా తిరక్కపోతే దీనిలో ఉన్న కాస్త అయస్కాంతమూ చచ్చిపోతాది. ఆ చిన్నది ఇటు తిరిగేది, ఇది అటు తిరిగేది. చూడు, లారీల్లో పదేళ్లుగా బిగిస్తన్నాను, ఆ లారీ ఇంజన్లన్నీ ఒకవైపే తిరిగేవి గనక ఈ మాట నాకెప్పుడూ అక్కర్లేకపోయింది."

"మరిప్పుడు గెడ్డని ఎనక్కి పారించాలేటి?" అంది తవిటమ్మ.

"అక్కర్లేదు. బెల్టు మెలిపెడితే చాలు."

బెల్టును ఎనిమిది అంకెలా మెలిపెట్టి మళ్లీ తగిలించాడు. చచ్చిన అయస్కాంతం మేల్కోవడానికి బ్యాటరీ నుంచి ఒక తీగ క్షణం పాటు తాకించాడు. చక్రం తిరగగానే డైనమో ఈసారి బాణం వైపు తిరిగింది. పాకలో బల్బు ముందు ఎర్రగా, తర్వాత పసుప్పచ్చగా, ఆ తర్వాత చూడలేనంత తెల్లగా వెలిగింది.

"వోలమ్మో!" అని తవిటమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దీనికి రెండు బ్యాటరీలు ఒక్కపాలే కట్టొచ్చు!"

"మూడు కూడా" అన్నాడు జగన్నాధం.

"అయితే పట్టుకెళ్లండి మీది."

రోడ్డు పక్కనే చిన్న డైనమోను కారుకు ఎక్కించారు. గణపతిరావు దాన్ని కింద నుంచి ఎత్తి పట్టుకుంటే జగన్నాధం బోల్టులు బిగించాడు. బెల్టు వేసి, డైనమోను కాస్త పక్కకు లాగి, బెల్టు బిగువు బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. మరీ వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే బేరింగు తినేస్తుంది. తీగలు కట్టే ముందు దీనికీ బ్యాటరీ తీగ తాకించాడు. చిటుక్కుమని చిన్న నిప్పు రాలింది.

"ఇది చచ్చిపోలేదు కదా, దీనికెందుకు?" అన్నాడు గణపతిరావు.

"అసిరయ్య దీన్ని మైనస్సు ఇనుముకి కట్టి నడిపినాడు. మీ కారులో ఇనుముకి ప్లస్సు కట్టి ఉంటాది. ఇప్పుడు దీనికి కొత్త ఇంటి పద్ధతి చెప్పాను."

గణపతిరావు తాళం తిప్పాడు. ఎర్రదీపం వెలిగింది. ఇంజను అందుకుంది. పెడల్ మెల్లగా నొక్కాడు. దీపం ఒకసారి మినుకుమని ఆరిపోయింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. చివరికి నీలవేణి చెయ్యి చాపి హారన్ గట్టిగా నొక్కింది. పొలంలో కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి.

బయల్దేరబోతుంటే తవిటమ్మ కారు కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆ మాడిపోయింది ఏటి సేస్తారు బాబూ?"

"తుక్కులో వేసేయడమే" అన్నాడు జగన్నాధం.

"నాకిచ్చీండి. అదైతే భయం నేకుండా ఇప్పుకోవచ్చు."

జగన్నాధం డిక్కీ తెరిచి ఇచ్చేశాడు.

మార్గశిరంలో ఒకరోజు తవిటమ్మ విజయనగరం బస్సు దిగి, చేతిసంచీతో జగన్నాధం షాపుకు వచ్చింది. గణపతిరావు కూడా అక్కడే ఉన్నాడు. ఆవిడ సంచీలోంచి డైనమో మధ్యభాగం తీసి బల్ల మీద పెట్టింది. మాడిన తీగ అంతా విప్పేసింది. మిగిలిన ఇనుప దిమ్మను ఉలితో ఒక పక్క విడగొట్టింది.

"ఇదిగో బాబూ, ఇది అడుగుదామని వొచ్చినాను. ఇది పైకి ఒక్క ముద్దలా ఉన్నాది. సూస్తే ముద్ద కాదు, అన్నీ పల్సటి రేకులు. ఒక రేకుకీ ఇంకో రేకుకీ మధ్య వార్నీసు రాసినారు. అంత కట్టమెందుకు? ఒక్క ఇనప ముద్ద పోసీవచ్చు కదా?"

జగన్నాధం రేకులు చూశాడు. వందల డైనమోలు అతని చేతుల మీదుగా వెళ్లాయి. "అన్నీ ఇలాగే ఉంటాయి" అన్నాడు. తర్వాత, "ఎందుకో నాకూ తెలీదు. ఎవరూ అడగలేదు" అన్నాడు.

"కాలేజీలో జ్ఞానానందం మేస్టారున్నారు, ఫిజిక్సు" అన్నాడు గణపతిరావు. "వాళ్లమ్మాయి నా దగ్గర వయొలిన్ నేర్చుకుంటోంది. పదండి, అడుగుదాం."

ముగ్గురూ తాబేలు కారులో కాలేజీకి వెళ్లారు. జ్ఞానానందం మేస్టారు ప్రశ్న విని, రేకులు తిప్పి చూశారు. ప్రయోగశాలలోకి తీసుకెళ్లి, పెద్ద విద్యుదయస్కాంతం ముందు వాళ్లని నిలబెట్టారు. కర్రకు కట్టిన రాగి పలక ఒకటి ఉయ్యాలలా ఊగేట్టు వేలాడదీసి, స్విచ్చి వేసి వదిలారు. పలక ఊగుతూ వచ్చి అయస్కాంతం నోట్లోకి రాగానే, బురదలో కాలు పడ్డట్టు ఆగిపోయింది. దేన్నీ తాకలేదు.

"ఎవురు పట్టుకున్నారు దాన్ని?" అంది తవిటమ్మ.

"దాన్ని అదే పట్టుకుంది. అయస్కాంతం దగ్గర కదిలితే పలక లోపలే కరెంటు సుడులు తిరుగుతుంది. ఆ సుడులే దాన్ని ఆపుతాయి, వేడెక్కిస్తాయి. ఇప్పుడు ఇది చూడండి."

దువ్వెనలా చీలికలు కోసిన ఇంకో పలకను తగిలించి వదిలారు. అది అయస్కాంతంలోంచి హాయిగా ఇటూ అటూ ఊగింది.

తవిటమ్మ దగ్గరకు జరిగింది. "కోసీసినారు గనక సుడి తిరగడానికి దానికి జాగా నేదు" అంది నెమ్మదిగా. "అందుకే రేకులు."

"అందుకే" అన్నారు మేస్టారు. బయట క్లాసు గంట మోగింది. ఆయన పుస్తకాలు తీసుకోబోయారు.

"బాబూ," అంది తవిటమ్మ, "ఆ మొదటిది ఇంకొక్కపాలి వదలండి. ఈపాలి నాను పక్క నుంచి సూస్తాను."

మేస్టారు పుస్తకాలు కింద పెట్టి, రాగి పలకను మళ్లీ కర్రకు తగిలించారు. గణపతిరావూ జగన్నాధం కూడా వంగి, పక్క నుంచి చూశారు.